యాకమ్మ చుక్క

సుమ గడప పక్కన కూర్చుని రాత్రి వంటకు బియ్యం చెరుగుతోంది. చాట ఎగిరినప్పుడల్లా పొట్టు గాలికి లేచి, వాకిట్లో పడుకున్న కుక్క ముక్కు మీద వాలుతోంది. అది తుమ్ముతోంది, లేస్తోంది, చోటు మార్చినట్టే మార్చి మళ్లీ అక్కడే పడుకుంటోంది.

దడి అవతల బండి ఆగింది. సంఘం పాస్టరు ముత్యం దిగి, చెప్పులు విడిచి, అరుగు మీద కూలబడ్డాడు. ఊళ్లోనూ తండాలోనూ అందరూ ఆయన్ను అయ్యగారనే పిలుస్తారు.

"మీ బాపు లేడా బిడ్డా?"

"పటేల్ ట్రాక్టర్ మీద పోయిండయ్యగారూ. నీళ్లు తెస్త ఉండుండ్రి."

"నీళ్లద్దు తియ్యి. పరేషాన్‌ల ఉన్న. క్రిస్మస్ చెట్టుకు కట్టెటందుకు ఒక్క సామాను లేదు. పోయినేటివి డబ్బాల పెడితే ఎలుకలు కొట్టినయి. కొత్తయి కొందామంటే ఉన్నదంత మందిరం రేకులకే పాయె. ఒట్టి చెట్టు నిలవెట్టి పండుగ చేస్తే పక్కూరోళ్లు నవ్వరా?"

సుమ చాట కింద పెట్టింది. ఎలుకల సంగతి ఆమెకు ముందే తెలుసు. మందిరం ఊడ్చే వంతు వచ్చినప్పుడు ఆ డబ్బా తెరిచి చూసింది. చూసిన రోజు నుంచీ ఆయన ఈ వాకిట్లోకి ఎప్పుడు వస్తాడా అని చూస్తూనే ఉంది.

"నేను చేస్తనయ్యగారూ. కొనేది ఏం లేదు. ఇంత పిండి, ఇంత ఉప్పు, వంటింట్ల ఉండే వాసన దినుసులు. ఇంటికో చుక్క చేస్త. పండుగ పోయేదాంక మందిరమంత గమగమలాడాలె."

"దినుసులతోని చుక్కలా? చెట్టు కడుతున్నమా, బగారన్నం వండుతున్నమా?"

"వాసన మంచిగుంటే ఏదైతేంది అయ్యగారూ."

ఆయన నవ్వాడు. సుమ నవ్వలేదు, కాని ఆయన నవ్వు అయ్యేదాకా తల వంచుకుని ఆగింది. తరువాత నెమ్మదిగా మిగతాది చెప్పింది. ఏ ఇంటి చుక్కకు ఆ ఇంటివాళ్లే దినుసు ఇవ్వాలి. కట్టే రోజు ఆ ఇంటి పెద్ద లేచి, చుక్క చేతిలో పట్టుకుని, ఒక సాక్ష్యం చెప్పి కట్టాలి. ఈ ఏడు చనిపోయినవాళ్ల పేరు మీద కూడా చుక్క ఉండాలి.

"వాళ్ల చుక్క సొంతోళ్లు కట్టుడు గాదయ్యగారూ. సొంతోళ్లకు ఏడుపొస్తది, మాట రాదు. సంఘంల పెద్దమనుషులు కట్టాలె. పోయినోళ్ల గురించి ఒక నిజం మాట చెప్పి కట్టాలె."

అయ్యగారి కళ్లు చెమర్చాయి. "ఎంత మంచి ఆలోచన బిడ్డా! ముసలి మాన్‌సింగ్ చుక్క నేను కడత. మరి మీ అమ్మది, మీ యాడిది?"

"ఊర్మిళమ్మ కడితే మంచిగుంటది. మా యాడి ఆమె ఇంట్లనే కదా బతుకంత చేసింది."

అయ్యగారి మొహంలో నవ్వు ఒక్క క్షణం నిలిచిపోయింది. పోయిన క్రిస్మస్ ఆయనకూ గుర్తే. కాని ఎదురుగా ఉన్న పిల్ల మొహం కడిగిన పళ్లెంలా ఉంది. ఆమె క్షమించిందని ఆయన అనుకున్నాడు. ఆ మాట అనుకోగానే ఆయన మనసు తేలికపడింది. బండెక్కి వెళ్లిపోయాడు.

*

మొగుళ్లపల్లి మండలంలోని ఆ ఊరికీ తండాకూ మధ్య, పటేల్ పురుషోత్తం ఇచ్చిన జాగాలో ఉంటుంది మందిరం. పక్షవాతంతో పడిపోయిన పురుషోత్తం మళ్లీ లేచి నడిచినప్పుడు ఆయన భార్య ఊర్మిళ నమ్ముకున్న దేవుడికి ఇచ్చిన జాగా అది. ఆయన పండుగలకు మాత్రం వచ్చి చివర కూర్చుంటాడు. ఊర్మిళ ప్రతి ఆదివారం ముందు చాప మీద కూర్చుంటుంది. ఆడవాళ్ల కూటానికి పెద్ద ఆమెనే. సుమ తండ్రి తుల్సీరాం వాళ్ల ట్రాక్టర్ నడుపుతాడు. తల్లి యాకమ్మ వాళ్ల ఇంట్లో పని చేసేది.

పోయిన క్రిస్మస్‌కు ఊర్మిళ చెట్టు కొసకు కట్టడానికి వెండి చుక్క చేయించింది. పొద్దున ఆమే, యాకమ్మే కలిసి చెట్టుకు సామాన్లు కట్టారు. సాయంత్రం కొసకు కడదామని చూస్తే వెండి చుక్క లేదు. మందిరం నిండా మనుషులు. ఊర్మిళ పెద్దగా ఏమీ అనలేదు. "యాకమ్మా, జర నీ సంచి చూసుకోరాదూ, యాది మరిచి ఏసుకున్నవేమో" అంది, అంతే.

యాకమ్మ లేచి నిలబడింది. "నా చేతిల ఏది పెట్టి చెప్పమంటే అది పట్టుకొని చెప్త, నేను తియ్యలే" అంది. ఇంకో మాట ఎవరూ అనకముందే తుల్సీరాం మగవాళ్ల వైపు నుంచి వచ్చి, భార్య చంకలోని సంచి లాక్కొని, అందరి ముందూ బోర్లించాడు. పాటల పుస్తకం పడింది. తువ్వాల పడింది. కాగితంలో చుట్టిన కేకు ముక్క పడింది, తనకు పంచినది తినకుండా బిడ్డ కోసం దాచుకున్నది. పిల్లలు నవ్వారు. వెనక ఎవరో, "కేకే దాసుకున్నది, చుక్క దాసుకోదా?" అన్నారు.

సంచిలో దొరకనందుకు యాకమ్మ దొంగ కాకుండా పోలేదు. ఇంకెక్కడో దాచిన దొంగ అయింది. ఆమె మందిరానికి పోవడం మానేసింది. ఆదివారం మైకులో పాటలు వినబడితే, ఇంట్లో కూర్చుని పెదవులు కదిపేది.

ఎండాకాలంలో ఊర్మిళ ఇంటికి సున్నం వేశారు. యాకమ్మ బదులు సుమ పనికి పోయింది. పెట్టెలో చీరలు తీసి మంచం మీద పెడుతుంటే ఒక పట్టుచీర మడతలోంచి వెండి చుక్క జారి గచ్చు మీద మోగింది. ఊర్మిళ గుమ్మంలోనే ఉంది. ఇద్దరూ దాన్ని చూశారు. తోమి, తుడిచి, చీరలో చుట్టి తానే మరిచిపోయిందని ఊర్మిళ మొహమే చెప్పింది. అయితే అది ఆ రోజు తెలిసిన మొహం కాదు. ఎన్నడో తెలిసి, మళ్లీ అదే మడతలో పెట్టిన మొహం. ఆమె వంగి చుక్క తీసుకుని, "ఆ చీరలు దులిపి పెట్టు పిల్లా" అని వెళ్లిపోయింది.

సుమ ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పింది. తుల్సీరాం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నోరు మూసుకో. గా ఇంటి ట్రాక్టర్ మీదనే మన పొయ్యి మండుతున్నది. దొరికింది కదా, ఇగ వదిలెయ్." యాకమ్మ మాత్రం "దొరికిందని మందిరంల చెప్పాలె గద" అంది. అంతకుమించి ఆమె ఏమీ కోరలేదు. అది ఊర్మిళ చెబుతుందని నమ్మింది. ప్రతి ఆదివారం ప్రార్థన ముగిశాక ఎవరైనా తండావాళ్లు అటు వస్తే, "ఇయ్యాల ఏమన్న చెప్పిండ్రా?" అని అడిగేది. వానలు మొదలయ్యాక ఆమెకు కామెర్లు వచ్చాయి. వరంగల్ దవాఖానలో మంచం మీద కూడా ఆదివారం ఎప్పుడని అడిగింది, మళ్లీ ఇంటికి రాలేదు.

ఆ మాట మందిరంలో, అదే మనుషుల ముందు, ఊర్మిళ నోటి నుంచే రావాలి. సుమకు ఇంకేమీ వద్దు. అయ్యగారికి చెబితే ఆయన ఊర్మిళను చాటుగా పిలిచి అడుగుతాడు, ఆమె చాటుగా ఏడుస్తుంది, చాటుగా ప్రార్థన చేస్తారు. తానే లేచి చెబితే, దొంగ బిడ్డ దొంగ మాట అంటారు. అందుకే సుమ ఓపిక పట్టింది.

ఓపిక పడుతూ ఊర్మిళను బాగా చూసింది. ఊర్మిళ పుట్టిల్లు కురవి దిక్కున. మారుమనసు పొంది ఎన్నేళ్లయినా పుట్టింటి భయం ఒకటి ఆమెను వదల్లేదు. ఒకసారి పాలవాడితో తగాదా వచ్చినప్పుడు అతని చేతిలో చెంబు పెట్టి, "పట్టుకొని చెప్పు. మా దిక్కు చేతిల పట్టుకొని అన్న మాట ఒట్టు. పట్టుకొని అబద్ధమాడినోని ఇల్లు నిలవది" అంది. ఆ చెంబు చూసి పాలవాడు నీళ్లు కలిపినట్టు ఒప్పుకున్నాడు. అప్పుడు సుమ పెరట్లో బోళ్లు తోముతోంది.

*

తెల్లవారి నుంచి సుమ చాట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఫోన్‌లో చూసిన చుక్కలు యాపిల్ గుజ్జు, గిద్దెడు దాల్చినచెక్క పొడి కలిపి చేసినవి. యాపిళ్లు తినడానికే లేవు, చుక్కలకెక్కడివి? భూపాలపల్లి బస్టాండ్ దగ్గర జ్యూస్ బండివాడు పారేసే సంత్రా తొక్కలు సంచి నిండా ఊరికే తెచ్చింది. నీడకు ఎండబెట్టి దంచితే యాపిల్ సంగతే గుర్తు రాలేదు. తుమ్మ బంక కాటారం నుంచి వచ్చే చుట్టం ఒకావిడ ఇచ్చింది. మిగతాది ఇళ్లదే.

రాజీ బగారా ఆకు ఇచ్చింది. ఒకావిడ నాలుగు లవంగాలు లెక్కపెట్టి ఇచ్చి, మళ్లీ ఒకటి వెనక్కి తీసుకుంది. సత్తమ్మ మటన్ మసాలా పొట్లం తెచ్చి చాటలో వంపింది.

"గిదేంది సత్తమ్మవ్వా? చుక్కకు మటన్ వాసనొస్తది."

"రానియ్యే. ఏసయ్య పుట్టినప్పుడు గొర్లకాపరులే గదనే ముందుగాల వచ్చింది? గొర్రె వాసన గుర్తువట్టి నా చుక్క కాడికే వస్తరు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. సుమ కూడా నవ్వింది. తల్లి పోయాక అది మొదటి నవ్వు. నవ్వుతూనే ఊర్మిళ గేటు తీసింది.

ఊర్మిళకు అప్పటికే చుక్కల సంగతి తెలుసు, చనిపోయినవాళ్ల చుక్కల సంగతి తెలియదు. డబ్బా తెచ్చి దాల్చినచెక్క దోసిళ్లతో పోసింది. ఏలకులు పోసింది, అనాసపువ్వు పోసింది. చాలమ్మా అన్నా ఆపలేదు. పోసేటప్పుడు సుమ మొహం వైపు చూడలేదు, చాట వైపే చూసింది.

"కొంచెం ఎక్కువనే తీస్కపో పిల్లా. మంచిగ చెయ్యి. మీ అమ్మ గిన ఉంటే..." అని ఆగి, డబ్బా మూత పెట్టడంలో పడిపోయింది.

"మా యాడి చుక్కకు గూడ మీ ఇంటి దినుసే కలుపుతనమ్మా. ఏటేట మీ మసాలా దంచింది ఆమెనే. వారం దాంక చేతులకు గదే వాసన."

ఊర్మిళ చేతిలో డబ్బా మూత సరిగా పడలేదు. మళ్లీ తీసి పెట్టింది.

మొదటి వాయి చెడిపోయింది. పిండిలో ఉప్పు, బంక నీళ్లు, తొక్కల పొడి, దినుసులు కలిపి ముద్ద చేసి, చపాతీ పీట మీద ఒత్తి, కత్తితో చుక్కలు కోసి మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టింది. సాయంత్రానికి అప్పడాల్లా కొనలు లేచి వంకర తిరిగాయి. సుమ వాటిని నలిపి, తడిపి, మళ్లీ ముద్ద చేసింది. రెండోసారి ఇంట్లో నీడకు, మంచం నులక మీద పరిచింది. పూటకోసారి తిరగేసింది. అవి నెమ్మదిగా, చదునుగా, చెక్కలా గట్టిపడ్డాయి. ఇల్లంతా వాసన పట్టింది. కుక్క లోపలికి రావడం మానేసింది.

తుల్సీరాం పని నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, అడగకుండానే కూర్చుని తడి చుక్కలకు చీపురు పుల్లతో రంధ్రాలు పెట్టేవాడు. చెయ్యి తిరిగిన పని. చుక్క విరగకుండా, పుల్ల తిప్పుతూ పెట్టేవాడు.

"మీ యాడిది ఏది?"

సుమ చూపించింది. మిగతావాటికంటే కొంచెం పెద్దది. నానమ్మ పాత పేటియా లంగాకున్న అద్దపు బిళ్ల ఒకటి మధ్యలో అద్దింది.

"గిది నేను కడత" అన్నాడు తుల్సీరాం.

సుమ దాన్ని తన వైపు జరుపుకుంది. ఆ చుక్క రంధ్రం మాత్రం తానే పెట్టుకుంది.

*

పండుగ రెండు రోజులుందనగా ఊర్మిళ తండాకు వచ్చింది. అంత పెద్దింటి మనిషి కాలినడకన రావడం చూసి పక్కింటివాళ్లు కుర్చీ తెచ్చారు. ఆమె కూర్చోలేదు. వాళ్లు పోయేదాకా ఆగి, లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. గదిలో దారాలకు వేలాడుతున్న చుక్కల మధ్య తల వంచుకుని నిలబడాల్సి వచ్చింది.

"యాకమ్మ చుక్క నేను కట్టాల్నంట?"

"అవునమ్మా. అయ్యగారే అన్నరు."

"అయ్యగారు అన్నది నువ్వంటేనే గదా."

సుమ జనపనార దారం పేనుతోంది. ఆపలేదు. "మీరైతే మర్యాదగుంటదని."

"ఏం మర్యాద పిల్లా! నా మెడకు ఉరి పేనుతున్నవు." ఊర్మిళ గొంతు తగ్గింది. "చూడు. నేను కావాల్నని చేసింది గాదు. మరిచిపోయిన. సంక్రాంతి ముంగట చీర తీస్తే కనవడ్డది. అప్పటికే అందరు అననే అన్నరు. ఎట్ల చెప్పాలె? ఏమని చెప్పాలె? ఆయన పరువు..."

"సంక్రాంతి ముంగట్నే చూసిండ్రా?"

ఊర్మిళ నాలుక కరుచుకుంది.

సుమ దారం ముడి వేసి పళ్లతో కొరికింది. తల్లి ఇంట్లో కూర్చుని పెదవులు కదిపిన ఆదివారాలు, అడిగిన ఆదివారాలు అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

"గయన్ని నాకెందుకమ్మా? చుక్క పట్టుకొని ఒక నిజం మాట చెప్పుండ్రి. మంచిగ పని చేసేదనుండ్రి. మసాలా మంచిగ దంచేదనుండ్రి. అది గూడ నిజమే గద."

"చేతుల పట్టుకొని..." అంది ఊర్మిళ.

"అవును. చేతుల పట్టుకొని."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఊర్మిళకు అప్పుడు అర్థమైంది, ఈ పిల్ల తన ఇంట్లో బోళ్లు తోముతూ ఏమేం విన్నదో.

"నాకు జరమొచ్చింది, నేను రానంటే?"

"రాకుంటే అయ్యగారు చుక్క మీ ఇంటికే పట్టుకొస్తరు. సంఘం గూడ ఎంట వస్తది, పాటలు పాడుకుంట. ఎట్లైన అదే చెయ్యి, అదే చుక్క."

"మీ బాపును రేపటి నుంచి ట్రాక్టర్ ఎక్కనియ్యకపోతే?"

"ఎందుకు ఎక్కనియ్యలేదని ఊరు అడుగుతది గదమ్మా. ఏం చెప్తరు?"

ఊర్మిళ గోడకు చెయ్యి ఆనించుకుంది. "నువ్వు నోరు లేని పిల్లవనుకున్న" అంది.

"మా యాడికి ఉండె నోరు. చేతిల ఏదన్న పెట్టుండ్రి, చెప్త అన్నది. మీరు పెట్టలే."

*

పండుగ ముందు రోజు పొద్దుగూకే వేళకు మందిరం నిండింది. తోట నుంచి కొట్టుకొచ్చిన సరుగుడు కొమ్మను రంగు డబ్బాలో మట్టి పోసి నిలబెట్టారు. ఒక్కో ఇల్లూ లేచింది. రాజీ తన కొడుకు ఫెయిల్ కాకుండా పాసైనందుకు స్తోత్రం చెప్పింది. సత్తమ్మ తన చుక్క వాసన చూసి, "ఆకలైతున్నది, తొందరగ ముగించుండ్రి" అని అందరినీ నవ్వించింది. మందిరం దాల్చినచెక్కతో, సంత్రాతో, లవంగంతో నిండిపోయింది. అయ్యగారు ముసలి మాన్‌సింగ్ చుక్క కట్టి, ఆయన ఎన్నడూ ప్రార్థనలో నిద్రపోకుండా ఉండలేదని నిజం చెప్పాడు. ఆయన కొడుకే ముందు నవ్వాడు.

"ఇప్పుడు మన యాకమ్మ చుక్క. ఊర్మిళమ్మ వచ్చి కడతది."

మగవాళ్ల వైపు తుల్సీరాం సగం లేచి, ఆ మాట విని, మళ్లీ కూర్చున్నాడు.

ఊర్మిళ ముందు చాప మీంచి లేచింది. సుమ ఎదురువెళ్లి, రెండు చేతులతో, పెళ్లిలో తాంబూలం ఇచ్చినంత మర్యాదగా చుక్కను ఆమె అరచేతిలో పెట్టింది. పెట్టి పక్కకు జరిగి గోడకు నిలబడింది. అక్కడి నుంచి ఊర్మిళ మొహం పూర్తిగా కనిపిస్తుంది.

"యాకమ్మ..." అంది ఊర్మిళ. దగ్గింది. "యాకమ్మ మంచి మనిషి. మా ఇంట్ల ఎన్నో ఏండ్లు..."

అద్దపు బిళ్ల మీద ట్యూబ్‌లైటు వెలుగు పడి గోడ మీద అటూ ఇటూ ఆడింది. చుక్క నుంచి ఆమె ఇంటి వంటగది వాసనే వస్తోంది, డిసెంబరులో యాకమ్మ రోటి ముందు కూర్చున్నప్పటి వాసన. ఊర్మిళ చుక్కను ముక్కుకు దూరంగా పట్టుకోబోయింది. చెయ్యి ఎంత చాచినా దూరం కాలేదు.

"మంచి మనిషి, ఏమన్న తప్పులుంటే దేవుడు..." అని ఆగిపోయింది. ఆ మాట పూర్తి చేస్తే ఏమవుతుందో ఆమె పుట్టింటి భయానికి తెలుసు. చివర కూర్చున్న భర్త వంక, ఒకసారి పడిపోయి లేచిన ఆ మనిషి కాళ్ల వంక చూసింది.

"ఇంకేమన్న చెప్తవా అమ్మా?" అయ్యగారు మెల్లగా అన్నాడు.

"చుక్క మా ఇంట్లనే దొరికింది" అంది ఊర్మిళ.

ఎవరికీ అర్థం కాలేదు.

"వెండి చుక్క. పోయినేటిది. నా చీరల్నే ఉండె. యాకమ్మ తియ్యలే. పండుగ అయినంక పదిహేను దినాలకే దొరికింది. నాకు తెల్సు. తెల్సి... తెల్సి చెప్పలే."

మైకు ఆన్‌లోనే ఉంది. మాటలు మందిరం దాటి, ఊరి వైపూ తండా వైపూ వెళ్లాయి. సుమకు అది కూడా తెలుసు. మైకు దగ్గర పెట్టింది ఆమే.

ఊర్మిళ చుక్క కట్టింది. ముడి పడటానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయానికి లేవలేదు. తిరిగి వచ్చి చాప మీద కూర్చోబోతే, పక్కనున్నవాళ్లు జరగలేదు, జరిగినా ఆమెకు చోటిచ్చేటట్టు జరగలేదు.

"ఏడాది దాంక ఎట్ల మింగినవమ్మా గా మాట? నోట్ల అన్నం ఎట్ల దిగింది?" అంది సత్తమ్మ, నవ్వించే సత్తమ్మ. "ఇదే జాగల ఆమె సంచి బోర్లిస్తే నువ్వు చూస్కుంట నిలవడ్డవు గద."

పురుషోత్తం కర్ర పట్టుకుని లేచి బయటికి నడిచాడు. ఊర్మిళ ఆయన వెంట పోలేక, కూర్చోలేక, చెట్టు పక్కనే కొంగు నోట్లో కుక్కుకుని ఉండిపోయింది. కేకు పంచుతున్న పిల్ల ఆమె దాకా వచ్చి, పళ్లెం అవతలికి తిప్పుకుంది. ఆ పిల్లకు అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు.

సుమ అంతా చూసింది. రెప్ప వెయ్యకుండా చూసింది. జాలి వస్తుందేమోనని కాసేపు ఆగింది. రాలేదు. తన వంతు కేకు తీసుకుని, అక్కడే, అందరి ముందూ తినేసింది.

*

పండుగ నాడు మధ్యాహ్నం ఇంటి ముందు మనుషులు తగ్గలేదు. ఏడాదిగా పలకరించనివాళ్లు వచ్చి, యాకమ్మ ఎంత మంచిదో సుమకు చెప్పారు. సుమ విని, టీ ఇచ్చి, పంపించింది. అందరూ పోయాక పొయ్యి దగ్గర పీట వేసి తండ్రికి అన్నం వడ్డించింది.

తుల్సీరాం కొత్త చొక్కా వేసుకున్నాడు. పొద్దుటి నుంచి అతన్ని కూడా జనం పలకరిస్తున్నారు, భుజం తడుతున్నారు. అతనికి కొంచెం ధైర్యం వచ్చినట్టుంది.

"నీ తెలివే తెలివి బిడ్డా" అన్నాడు ముద్ద కలుపుతూ. "పటేల్ గూడ నన్నేమనలే. రేపు పనికి రమ్మన్నడు. ఇగ మీ యాడి పేరు మంచిగైంది. మనకు ఇగ ఏ రంది లేదు."

సుమ కూర వడ్డించింది.

"ఒక్కటే మనసుల పడుతున్నది. గా చుక్క నన్ను కట్టనిస్తే మంచిగుండు. మొగున్ని గద. అందరు చూస్తుండగ లేవబోయి కూసున్న. నన్నెందుకు కట్టనియ్యలే?"

"నిజం మాట ఒకటి చెప్పి కట్టాలె బాపూ."

"చెప్పకపోదునా?"

"ఏం చెప్తుంటివి?"

తుల్సీరాం ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు. "మంచిది, దొంగతనం చెయ్యదు అని చెప్తుంటి."

"ఆ మాట పోయినేడు చెప్పాల్సింది. యాడి లేచి నిలవడ్డప్పుడు నువ్వు పక్కన నిలవడి చెప్తే, ఆ సంచి అడిగే ధైర్యం ఎవ్వలికుండు?" సుమ గొంతు పెంచలేదు. గరిటె గిన్నెలో పెట్టి మూత వేసింది. "ఊర్మిళమ్మ చూసుకోమన్నది. బోర్లియ్యమనలే. బోర్లించింది నువ్వు. ఎండాకాలంల చెప్తే నోరు మూసుకోమన్నది నువ్వు. దవాఖానల యాడి ఆదివారం ఎప్పుడని అడుగుతుంటే, ఆదివారం రాలే అని అబద్ధమాడింది నువ్వే. నేను తలుపు కాడ్నే ఉన్న."

అతను ఏదో అనబోయాడు.

"ఊర్మిళమ్మ నిన్న అందరి ముంగట చెప్పింది బాపూ. ఆమె మాట ఆమె చెప్పింది. నీది ఇంక మిగిలే ఉన్నది. వచ్చే ఏడు చెట్టు కడతం గద. అప్పుడు గూడ చుక్కలు నేనే చేస్త."

తుల్సీరాం బిడ్డ మొహం వంక చూశాడు. ఆమె అతని వంకే చూస్తోంది. నిన్న గోడకు నిలబడి ఊర్మిళను చూసినట్టే, రెప్ప వెయ్యకుండా. అతను ముద్దను పళ్లెంలో వదిలాడు. చెయ్యి కడుక్కోవడానికి చెంబు కోసం చూశాడు. చెంబు సుమ పక్కనే ఉంది. ఆమె అందివ్వలేదు.

ఎంగిలి చెయ్యి పక్కకు పట్టుకుని, ఎడమ చేత్తో తువ్వాల భుజాన వేసుకుని, గడప దాటి వెళ్లిపోయాడు.